బోర్డు రాతలు – ఈ నెల అంతా లావు అక్షరాల గొడవే

పోయిన నెల ఈ పేజీలో "గుండ్రంగా, లావుగా, నున్నగా ఉండే ఆ ఇంగ్లిష్ అక్షరాల గురించి మీకేమన్నా డౌట్లుంటే రాయండి" అని ఒక్క లైను వేశాం, దానికే ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్‌లు వస్తాయనుకోలేదు. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒకటిగా కలిపేశాం. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ ఏరియా పేరే వేస్తున్నాం, ఏమనుకోకండి.

ప్రశ్న: నమస్తే అన్నా. గాజువాకలో మాది టిఫిన్ సెంటర్. కొత్త బోర్డు పెడదామని డిజైన్ చేసే కుర్రాడి దగ్గరికెళ్తే "ఫ్యూచురా బోల్డ్ పెడదాం సార్, ప్రీమియం లుక్ వస్తాది, కాకపోతే ఫాంటుకి వేరేగా డబ్బులవుతాయి" అన్నాడు. అసలు ఏటన్నా అది? అక్షరాలు కూడా డబ్బులిచ్చి కొనుక్కోవాలా?
– టిఫిన్ సెంటర్ ఓనరు, గాజువాక

జవాబు: కుర్రాడు మిమ్మల్ని ముంచట్లేదు లెండి, ఫ్యూచురా నిజంగానే కొనుక్కోవాల్సిన ఫాంటు. పాల్ రెన్నర్ అని ఒక జర్మన్ ఆయన గీశాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో బావర్ అనే టైప్ ఫౌండ్రీ 1927లో సీసం అక్షరాలుగా పోసి అమ్మింది, అంటే మీ బోర్డు మీదకి రాబోతున్న ఆ కొత్త లుక్కుకి దగ్గర దగ్గర వందేళ్లన్నమాట. అప్పట్లో జర్మనీలో పుస్తకాలు, పేపర్లు చాలావరకు ముళ్లముళ్లగా ఉండే పాత రాతలో వచ్చేవి. ఆ నగిషీ అంతా పీకేసి గుండ్రం, త్రికోణం, చతురస్రం, గీత, వీటితోనే అక్షరం కట్టేద్దాం అని అప్పటి డిజైనర్లకి ఒక ఊపు వచ్చింది. బౌహౌస్ అనే జర్మన్ డిజైన్ స్కూల్లో హెర్బర్ట్ బేయర్ 1925లో ఇదే దారిలో ఒక అక్షరమాల వేశాడు, యాకోబ్ ఎర్బార్ 1926లో తన పేరుతోనే ఒకటి తెచ్చాడు, రుడాల్ఫ్ కోచ్ 1927లోనే కాబెల్ అని ఇంకోటి తెచ్చాడు. రెన్నర్ కూడా బౌహౌస్ మనిషే అని నెట్‌లో చాలాచోట్ల రాసేస్తుంటారు గానీ కాదు, ఆయన అక్కడ పనిచెయ్యలేదు. అన్నిట్లోకీ నిలబడింది మాత్రం ఆయనదే. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలి వచ్చిన పలక మీద అక్షరాలు కూడా ఫ్యూచురాలోవే.

ఈ జాతిని జియోమెట్రిక్ సాన్స్ సెరిఫ్ అంటారు. గీతల చివర్లలో చిన్న చిన్న పాదాలు ఉండవు, క్యాపిటల్ ఓ దాదాపు గుండ్రం, స్మాల్ ఏ అంటే ఒక గుండ్రం, పక్కన ఒక నిలువు గీత, అంతే. లావు సంగతి అంకెల్లో చెప్తారు, 400 అంటే మామూలు, 700 బోల్డ్, 800 ఎక్స్‌ట్రా బోల్డ్, 900 అంటే ఇక బ్లాకే.

ఇప్పుడు డబ్బుల మాట. ఫ్యూచురానే కావాలని పట్టుబట్టక్కర్లేదు. జోస్ట్ అని ఒకటుంది, అదే 1920ల జర్మన్ అక్షరాల దారిలో గీసింది, ఉచితం. లీగ్ స్పార్టన్ ఉంది, అది పుట్టడమే ఒకే ఒక్క లావు బోల్డ్‌గా పుట్టింది, తర్వాత సన్న రకాలు చేర్చారు. మోంట్సెరాట్ ఉంది, బ్యూనస్ ఐరిస్‌లో ఆ పేరున్న పేటలో పాత షాపు బోర్డులు చూసి హూలియెటా ఉలనోవ్‌స్కీ గీసింది, కాబట్టి బోర్డుకి అది సొంత మనిషే. పాపిన్స్ మన ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లది. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, బోర్డుకి వాడుకుంటే ఎవరూ ఏమీ అడగరు. నన్నడిగితే మీకు మోంట్సెరాట్ 700 చాలు, ఆ ఫాంటు డబ్బులు తీసుకెళ్లి విడివిడిగా కోసి బిగించే మంచి కట్ లెటర్స్ మీద పెట్టండి. ఇంకోటి, బోర్డు మీద తెలుగు ఉండాలని షాపుల చట్టం రూల్స్‌లోనే ఉంది, పైన తెలుగు పెద్దగా, కింద ఇంగ్లిష్. ఆ తెలుగు ఏది పెట్టాలో ఇంకో ఉత్తరంలో చెప్పా, చూడండి.

ప్రశ్న: సార్, నేను డిజైన్ కోర్సు చేస్తున్నా. అసైన్‌మెంట్‌కి జియోమెట్రిక్ బోల్డ్ అక్షరాలు సొంతంగా గీయమన్నారు. కాంపస్, స్కేలు పెట్టి చాలా పర్ఫెక్ట్‌గా గీశా, గీత మందం ఎక్కడా ఒక పాయింటు తేడా లేదు, అయినా ఎందుకో మొద్దుగా, ఎత్తుపల్లాలుగా కనిపిస్తోంది. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు.
– స్టూడెంటు, డాబాగార్డెన్స్

జవాబు: పర్ఫెక్ట్‌గా గీశావు తల్లీ, అదే గొడవ! కాంపస్‌కి ఒకటి, కంటికి ఒకటి లెక్క. ఒక పని చెయ్యి. ఫ్యూచురా బోల్డో, పాపిన్స్ బోల్డో తీసుకుని క్యాపిటల్ ఓ ఒక్కటి ఏ4 కాగితం నిండా ప్రింటు తియ్యి, కత్తిరించి, అడ్డంగా తిప్పి చూడు. నిలువుగా ఉన్నప్పుడు అన్ని వైపులా ఒకే మందం అనిపించింది కదా, తిప్పేసరికి పైనా కిందా లావెక్కి, పక్కలు సన్నబడి, పైనుంచి ఎవరో నొక్కినట్టు కనిపిస్తుంది. ఎందుకంటే గీసినవాళ్లు పక్కల మందం కావాలని కొంచెం ఎక్కువ, పైన కింద కొంచెం తక్కువ పెట్టారు. మన కంటికి అడ్డగీత ఎప్పుడూ నిలువు గీత కంటే లావుగా కనిపిస్తుంది, రెండూ ఒకే మందం పెడితే అడ్డగీతే బరువనిపిస్తుంది. నీ క్యాపిటల్ హెచ్, ఈ, ఎఫ్‌లలో అదే జరుగుంటుంది, స్కేలు పెట్టి చూసుకో.

రెండోది ఎత్తు. గుండ్రాన్ని, చతురస్రాన్ని సరిగ్గా ఒకే ఎత్తులో పక్కపక్కన పెడితే గుండ్రం పొట్టిగా కనిపిస్తుంది. అందుకే ఓ, సీ, జీ, ఎస్‌లని పై గీత దాటించి, కింది గీత దాటించి నూటికి ఒకటి రెండు పాళ్లు బయటికి పోనిస్తారు, దీన్నే ఓవర్‌షూట్ అంటారు. ఏ, వీ లాంటి మొనలున్నవాటికి ఇంకా ఎక్కువ పోనివ్వాలి, మొన దగ్గర ఇంకు తక్కువ కదా, కంటికి ఆనదు. ఫ్యూచురా సన్న రకాల్లో ఏ మొన పక్కనున్న హెచ్ కంటే పైకి పొడుచుకుని ఉంటుంది, ఒక గీత గీసి చూస్తే తెలిసిపోతుంది.

మూడోది బోల్డ్‌లోనే అసలు ఏడిపించేది. స్మాల్ బీ, డీ, పీ, క్యూ, ఎన్, ఇవన్నీ గుండ్రం వచ్చి నిలువు గీతకి అతుక్కునే అక్షరాలు, ఆ అతుకు దగ్గర రెండు లావులు కలిసి ఒక నల్లమచ్చ అవుతుంది, నీకు "మొద్దుగా" అనిపించింది నూటికి తొంభై పాళ్లు ఆ మచ్చే. అక్కడ గుండ్రాన్ని సన్నం చేసి అతికించాలి. కళ్లు సగం మూసి నీ అక్షరాలు చూడు, ఎక్కడ నల్లగా ముద్దకడుతోందో అక్కడ కొయ్యి. నలుపు గీస్తున్నా అనుకోకు, లోపల మిగిలే తెలుపు గీస్తున్నా అనుకో. ఓ లోపలి తెలుపు, ఎన్ లోపలి తెలుపు, రెండక్షరాల మధ్య తెలుపు, ఈ మూడూ ఒకదానితో ఒకటి పోట్లాడకుండా ఉంటే బోల్డ్ దానంతటదే కుదురుతుంది. నవ్వే ఫ్రెండ్స్‌ని కూడా ఓ ప్రింటు తీసి తిప్పమను.

ప్రశ్న: మేడమో సారో తెలీదు, నమస్కారమండి. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. లేబుల్‌కి పాపిన్స్ బోల్డ్ బావుందని మా అబ్బాయి పెట్టాడు, ఇంగ్లిష్ ముచ్చటగా ఉంది గానీ అదే ఫాంటు సెలెక్ట్ చేసి తెలుగు కొడితే సన్నగా, వేరే ఏదో రాతలో పడుతోంది. బోల్డ్ బటన్ నొక్కితే వొత్తులన్నీ అలుక్కుపోతున్నాయి. మా కంప్యూటర్ పాడైందా?
– పచ్చళ్ల అమ్మ, ఎంవీపీ కాలనీ

జవాబు: సారేనండి. కంప్యూటర్ నిక్షేపంలా ఉంది. పాపిన్స్‌లో ఇంగ్లిష్, హిందీ అక్షరాలే ఉన్నాయమ్మా, తెలుగు అందులో లేదు. లేనిది అడిగేసరికి కంప్యూటర్ తన దగ్గరున్న తెలుగు ఫాంటు ఏదో, విండోస్ అయితే గౌతమో నిర్మలో, తెచ్చి అక్కడ పెట్టేస్తుంది, పైన పేరు మాత్రం పాపిన్స్ అనే చూపిస్తుంది. ఇక బోల్డ్ బటన్ సంగతి, ఆ ఫాంటుకి నిజం బోల్డ్ గీసి ఉంటే సరే, లేకపోతే ఉన్న అక్షరానికే చుట్టూ మందం పూసేస్తుంది. ఇంగ్లిష్‌లో అది ఎలాగో నడిచిపోతుంది గానీ మన దాంట్లో అస్సలు నడవదు, "పచ్చళ్లు" అనే మాటే చూడండి, చ కింద చ వొత్తు, ళ కింద ల వొత్తు, దాని పక్కన కొమ్ము, ఇంత చిన్న జాగాలో అన్ని మెలికలున్న చోట మందం పూస్తే మిగిలేది నల్లటి మరకే.

తెలుగు ఎలాగూ గుండ్రమే కదా, జియోమెట్రిక్ చెయ్యడం సుళువు అనుకుంటారు అందరూ. ర, ఠ చూస్తే అలాగే ఉంటుంది మరి. అసలు చిక్కంతా అక్కడే ఉందండి. ఠ అంటే గుండ్రం లోపల ఒక చుక్క. లావు పెంచుతూ పోతే గుండ్రం లోపలికి, చుక్క బయటికి పెరిగి రెండూ కలిసిపోతాయి, పైన తలకట్టు ఒకటి మిగులుతుంది. ద కి, ధ కి తేడా కింద ఒక చిన్న నిలువు గీతే, డ, ఢ కూడా అంతే, చిన్న సైజులో లావు ఫాంటు పెడితే ఆ గీత కడుపులో కలిసిపోయి ధనియాలు కాస్తా దనియాలవుతాయి. ఘ, ఝ సంగతి చెప్పక్కర్లేదు, లేబుల్ మీద "ఘుమఘుమలాడే" అని పెట్టుకోవాలని ఉంటే ముందు ఆ ఒక్క మాట మీరు ప్రింటు చేయించే సైజులోనే కొట్టి చూసుకోండి, అది నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి. ఇంగ్లిష్ 900 లావుకి తూగేలా తెలుగు 900 అనుకోవద్దు, తెలుగు ఒక మెట్టు సన్నంగా పెడితేనే పక్కపక్కన సమానంగా కనిపిస్తాయి.

ఏ ఫాంటంటే, అనెక్ తెలుగు ముందు ప్రయత్నించండి, ముంబైలో ఏక్ టైప్ అనే వాళ్లు చేశారు, సన్నం నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఉంది, పైగా వెడల్పు కూడా తగ్గించుకోవచ్చు, "పండుమిర్చి గోంగూర" లాంటి పొడుగు పేరు చిన్న సీసా మీద పట్టాలంటే అది చాలా పనికొస్తుంది. వాళ్లదే బాలూ తమ్ముడు అని ఇంకోటుంది, పేరే సరదాగా ఉంది కదా, బొద్దుగా, మూలలు మెత్తగా ఉంటుంది, పిల్లల వస్తువులకీ తిండి వస్తువులకీ బాగా నప్పుతుంది, నేనైతే పచ్చళ్లకి అదే వేస్తా. హింద్ గుంటూరు పాపిన్స్ చేసిన ఫౌండ్రీ వాళ్లదే, పద్ధతిగా ఉంటుంది, వెనకవైపు సరుకుల లిస్టుకి, ఎక్స్‌పైరీ తేదీకి పెట్టుకోండి. రామభద్ర అని లావు హెడ్డింగుల ఫాంటు ఒకటుంది, పెద్ద సైజులో గంభీరంగా ఉంటుంది, లేబుల్ సైజుకి మాత్రం వద్దు. అన్నీ ఉచితమే. రెండు లైన్ల మధ్య జాగా ఇంగ్లిష్‌కి వదిలినంత వదిలితే పై లైను వొత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది, ఇంకాస్త వదలమని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: అన్నా, డీటీపీ సెంటర్ నాది. కస్టమర్లు ఫోన్లో తెలుగు టైప్ చేసి పంపుతున్నారు, అది ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే వొత్తులు విడిపోయి పక్కకి పోతున్నాయి. మనకి అలవాటు అను ఫాంట్సే కదా, అందులో మళ్లీ మొత్తం కొట్టుకోవాల్సి వస్తోంది. ఈ కొత్త బోల్డ్ ఫాంట్లు వాడాలంటే దారేంటి?
– గోపాలపట్నం

జవాబు: తమ్ముడూ, అను వేరే లోకం, యూనికోడ్ వేరే లోకం. యూనికోడ్ అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి. అను లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు, అందుకే అనులో కొట్టింది వాట్సాప్‌లో పెడితే పిచ్చి ఇంగ్లిష్ అవుతుంది, వాట్సాప్‌లోది తెచ్చి అను పెడితే మారదు. అనెక్, బాలూ, నోటో ఇవన్నీ యూనికోడ్. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోటికెళ్లి టెక్స్ట్ ఇంజిన్ వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చు, పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది, మార్చి కొత్త ఫైలు తెరువు, వొత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. ఇన్‌డిజైన్ అయితే పారాగ్రాఫ్ కంపోజర్‌లో వరల్డ్ రెడీ ఎంచుకోవాలి. ఫ్లెక్సీ వాళ్లకి ఫైలు ఇచ్చేముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఒట్టి బొమ్మ గీతలుగా మార్చేసి ఇవ్వు, వాళ్ల సిస్టంలో ఆ ఫాంటు లేకపోతే పెళ్లికొడుకు పేరు పెట్టెలు పెట్టెలుగా ప్రింటయి వస్తుంది, గొడవ నీ మీదకొస్తుంది. ఒరిజినల్ ఫైలు విడిగా దాచుకో, కర్వ్స్ చేశాక స్పెల్లింగ్ మార్చలేవు.

ప్రశ్న: బీచ్ రోడ్డు దగ్గర మాకు లాడ్జి ఉంది. పగలు మా బోర్డు బానే కనపడుతుంది, రాత్రి ఎల్‌ఈడీ వేస్తే దూరం నుంచి అక్షరాలు కాకుండా తెల్లటి ముద్ద కనిపిస్తోందని కస్టమర్లు అంటున్నారు. లావు చాల్లేదేమో, ఇంకా లావు చేయిద్దామా?
– బీచ్ రోడ్డు

జవాబు: వద్దండీ బాబూ, ఇంకా లావు చేస్తే ఇంకా పెద్ద ముద్దవుతుంది. వెలిగే అక్షరం తన ఒడ్డు దాటి చుట్టూ కాంతి పారబోస్తుంది, చీకట్లో మన కంటికి అది అక్షరంలో భాగంగానే కనిపిస్తుంది, అంటే మీరు 800 లావు పెడితే రాత్రికి దానంతటదే ఇంకా లావెక్కి ఏ, ఈ, ఎస్ లోపలి సందులన్నీ పూడిపోతాయి. పగటి బోర్డుకి 700 బావుంటే వెలిగే బోర్డుకి 600 చాలు, అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచండి. కాంతి కూడా తగ్గించి చూడండి, చాలా బోర్డులకి ఉన్న జబ్బు అతి వెలుగే.

ఎంత ఎత్తు పెట్టాలి అని కూడా ఇంకో ఇద్దరు అడిగారు. బోర్డుల పనిలో వాడే మోటు లెక్క ఒకటుంది, పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. వంద అడుగుల నుంచి హాయిగా చదవాలంటే అక్షరం పది అంగుళాలుండాలి. గంటకి 40 కిలోమీటర్ల స్పీడులో వచ్చే బండి ఆ వంద అడుగులూ మూడు సెకన్లలోపే దాటేస్తుంది, ఆ మూడు సెకన్లలో మీ లాడ్జి పేరు, ఏసీ నాన్ ఏసీ, హాట్ వాటర్, వైఫై, రెండు ఫోన్ నంబర్లు అన్నీ చదవాలంటే ఎవరివల్లా కాదు, కాబట్టి పేరు ఒక్కటే పెద్దగా పెట్టండి. తెలుగుకి ఆ పది అంగుళాలు వొత్తు, గుడి కలపకుండా ఒట్టి అక్షరానికే లెక్కేసుకోవాలి, వొత్తుకి కింద వేరే జాగా వదలాలి.

మీది సముద్రం పక్క కాబట్టి ఇంకో మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు హోర్డింగులు ఏ గతి పట్టాయో వైజాగ్‌లో చెప్పక్కర్లేదు. పెద్ద ఫ్లెక్సీ రేకు తెరచాపలా గాలిని పట్టేస్తుంది, గోడకి విడివిడిగా బిగించిన లావు కట్ లెటర్స్ మధ్యలోంచి గాలి పోతుంది. ఇనప ఫ్రేము ఉప్పుగాలికి తొందరగా తుప్పెక్కి ఆ తుప్పు నీళ్లు తెల్ల అక్షరాల మీదకి కారతాయి, అక్రిలిక్ గానీ 316 గ్రేడు స్టీలు గానీ వెయ్యమనండి, బోల్టులు కూడా అదే గ్రేడు ఉండాలి, అక్షరం స్టీలు, బోల్టు ఇనుము అయితే లాభం లేదు.

ప్రశ్న: బోటు మీద నంబరు రాయించాలి సార్. ఫిషింగ్ హార్బర్‌లో పాత పెయింటర్ ఇప్పుడు చెయ్యట్లేదు, రేడియం షాపు కుర్రాడు స్టెన్సిల్ కోసిస్తా, మీరే స్ప్రే కొట్టుకోండి అన్నాడు. ఏ రకం అక్షరం కొయ్యమని చెప్పాలి?
– వన్‌టౌన్

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే లావు జియోమెట్రిక్ అక్షరం పుట్టిందే ఇలాంటి పనికోసమా అన్నట్టుంటుంది. దూరం నుంచి కోస్ట్ గార్డ్ వాళ్లు చదవాలి, చెక్క ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఉప్పు తిని పెయింటు అంచులు రాలిపోతుంటాయి. సన్నగీత అయితే అంచు రాలగానే అక్షరమే పోతుంది, లావు గీత అయితే అంచు పోయినా నడుము మిగులుతుంది.

స్టెన్సిల్‌లో చిక్కేంటంటే లోపల మూసుకుపోయిన జాగా ఉన్నవన్నీ, క్యాపిటల్ ఏ, డీ, పీ, అంకెల్లో 0, 4, 6, 8, 9, కొయ్యగానే మధ్య ముక్క ఊడి కిందపడుతుంది. దాన్ని పట్టుకోడానికి వంతెనలు వదలాలి. కుర్రాడికి చెప్పండి, వంతెనలు అన్ని అక్షరాల్లోనూ ఒకే వెడల్పు, ఒకే దిక్కున నిలువుగా పెట్టమని, ఒకదానికి అడ్డం, ఒకదానికి ఏటవాలు పెడితే 8 చూసి బీ అనుకుంటారు. ఈ రకం ఫాంట్లలో క్యాపిటల్ ఓ నిండు గుండ్రం, సున్నా కాస్త సన్నగా కోలగా ఉంటుంది, అది మంచిదే, రెండూ పక్కపక్కన ఉన్నా తేడా తెలుస్తుంది. 6, 9లలో తోక బాగా తెరిచి ఉన్నది ఎంచుకోండి, తోక లోపలికి ముడుచుకున్నది అయితే రెండు సీజన్లు అయ్యేసరికి 8లా కనపడుతుంది. లీగ్ స్పార్టన్ బోల్డ్ తీసుకోమనండి, వంతెనలకి సరిపడా కండ ఉంటుంది. స్ప్రే దగ్గరగా పెట్టి ఒకేసారి దట్టంగా కొట్టకండి, స్టెన్సిల్ కిందకి పెయింటు పాకుతుంది, పల్చగా కొట్టి ఆరనిచ్చి మళ్లీ పల్చగా కొట్టండి. ముక్కు దగ్గర వంపు ఎక్కువ ఉన్నచోట కాకుండా కాస్త బల్లపరుపుగా ఉన్న పక్కన రాస్తే గుండ్రాలు సాగినట్టు కనిపించవు.

ప్రశ్న: ఒకటో క్లాసు పిల్లలకి ఫ్లాష్ కార్డులు చేస్తున్నాను. జియోమెట్రిక్ ఫాంట్లో స్మాల్ ఏ మనం చేత్తో రాసినట్టే ఉంటుందని అదే వాడాలనుకుంటున్నాను. మంచిదేనా?
– టీచర్, మధురవాడ

జవాబు: ఏ వరకు మంచిదే టీచరమ్మా, ఫ్యూచురాలోనూ జోస్ట్‌లోనూ అలాగే ఉంటుంది, మోంట్సెరాట్‌లో మాత్రం రెండంతస్తుల ఏ వస్తుంది, చూసుకోండి. అయితే క్యాపిటల్ ఐ, స్మాల్ ఎల్ రెండూ ఒట్టి నిలువు గీతలే ఇందులో, పిల్లలకి ఒకటే అనిపిస్తాయి. ఆ రెండు కార్డులూ చేత్తో రాసెయ్యండి. లావు కూడా 500, 600 దాటొద్దు, పిల్లలు వేలుపెట్టి గీత వెంబడి తిప్పుతారు, మరీ లావైతే దారి కనపడదు.

ప్రశ్న: నా పెళ్లి శుభలేఖ మొత్తం ఎక్స్‌ట్రా బోల్డ్‌లో వేయిద్దామనుకుంటున్నా, మోడ్రన్‌గా ఉంటుంది, మా మావయ్య తిడుతున్నాడు. ఎవరు కరెక్టు?
– సీతమ్మధార

జవాబు: మావయ్య. ఇద్దరి పేర్లు వరకు లావుగా వెయ్యండి, ముహూర్తం, వేదిక, బంధువుల పేర్లు మామూలు మందంలో వెయ్యండి. పేజీ అంతా అరుస్తుంటే పెళ్లి ఎప్పుడో ఎవరికీ వినపడదు.

ప్రశ్న: హాయ్ అన్నా, మేం ముగ్గురం కలిసి చిన్న యాప్ కంపెనీ పెట్టాం. లోగోకి ఒక సైటు నుంచి లావు జియోమెట్రిక్ ఫాంటు డౌన్‌లోడ్ చేశాం, "ఫ్రీ" అనే ఉంది. ఇప్పుడు ఒకాయన అది పర్సనల్ యూజ్‌కే ఫ్రీ, లోగోకి కాదు అంటున్నాడు. పైగా మా లోగో ఇంకో నాలుగు కంపెనీల్లా ఉందంటున్నారు.
– రుషికొండ

జవాబు: ఆయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, జిప్ ఫైలు లోపల ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది, ఎవడూ తెరవడు, తెరిచి చదవండి. అందులో ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అని ఉంటే వ్యాపారానికి, లోగోకి, యాప్‌లోకి అన్నిటికీ వాడుకోవచ్చు, ఆ ఫాంటు ఫైలుని విడిగా అమ్ముకోకూడదు, అంతే. పర్సనల్ యూజ్ అని ఉంటే మాత్రం కొనండి, లేదా ఇప్పుడే మార్చేయండి. కంపెనీ పెద్దదయ్యాక మార్చడం అంటే బోర్డులు, విజిటింగ్ కార్డులు, టీషర్టులు అన్నీ మార్చాలి. పెద్దవాళ్లు కూడా డబ్బుల లెక్క, వాడకం లెక్క చూసుకునే ఫాంట్లు మారుస్తారు, ఐకియా ఏళ్ల తరబడి ఫ్యూచురా వాడి 2009లో వెర్డానా అనే ఫాంటుకి మారితే జనం నానా గొడవ చేశారు.

నాలుగు కంపెనీల్లా ఉందంటే ఉండదా మరి. 2000లో ఒక మ్యాగజైన్ కోసం టోబియాస్ ఫ్రెరె జోన్స్ గీసిన గాథమ్, 2008లో ఒబామా ఎన్నికల ప్రచారంలో అందరికీ కనిపించింది, అప్పట్నుంచి ఏ కొత్త కంపెనీ చూసినా స్మాల్ లెటర్స్, గుండ్రం, లావు, ఇదే వేషం. ఫాంటు మార్చక్కర్లేదు, పేరులో ఒక్క అక్షరం పట్టుకోండి. మీ పేరులో రెండు ఓలు ఉన్నాయి కదా, అవి ఒకదాన్నొకటి తాకేంత దగ్గరికి తెచ్చి, తాకేచోట ఒకదాన్ని కాస్త కోసి చూడండి, లేదా టీ అడ్డగీత ఎడమ పక్క తీసేసి చూడండి. మార్చాక నాణెం సైజులో ఫోన్ ఐకాన్‌గా పెట్టి చూడాలి, అక్కడ లోపలి సందులు మూసుకుపోతే ఒక మెట్టు లావు తగ్గించండి. లైసెన్స్ టెక్స్ట్ ఫైలుని లోగో ఫోల్డర్లోనే పెట్టి, డౌన్‌లోడ్ చేసిన తేదీ ఫైలు పేరులో రాసి ఉంచండి, రేపు ఎవరైనా అడిగితే వెతుక్కోనక్కర్లేదు.